ఈమెయిల్ మారితే పోర్టల్‌లో కొత్త అకౌంట్ పుట్టుకొస్తోంది – డైరెక్టరీ సింక్ ఎలా సరిచేయాలి?

రాత్రిషిఫ్టు
మా దగ్గర సెలవుల పోర్టల్ ఒకటి ఉంది, మా వాళ్లే రాసుకున్నది. లాగిన్ యాక్టివ్ డైరెక్టరీతో, అంటే ఆఫీసులో అందరి అకౌంట్లూ ఉండే మైక్రోసాఫ్ట్ డైరెక్టరీతో. రోజూ రాత్రి 2 గంటలకు ఒక స్క్రిప్ట్ నడిచి డైరెక్టరీలోని యూజర్లను తెచ్చి పోర్టల్ డేటాబేస్‌లో పెడుతుంది. రాసినాయన మానేశారు. ఇప్పుడది నా నెత్తిన పడింది.

నెల రోజులుగా మూడు సమస్యలతో సతమతమవుతున్నాను.

ఒక మేడమ్ ఇంటిపేరు మారింది. హెచ్‌ఆర్ వాళ్లు డైరెక్టరీలో పేరూ ఈమెయిలూ మార్చారు. తెల్లారేసరికి పోర్టల్‌లో ఆవిడకి ఇంకో అకౌంట్ తయారైంది. మిగిలిన సెలవుల లెక్కంతా పాతదాంట్లో ఉండిపోయింది, కొత్తదాంట్లో సున్నా. ఆవిడ వచ్చే వారం సెలవు పెట్టుకోవాలి, పోర్టల్ ఒప్పుకోవట్లేదు.

మానేసినవాళ్లు ఇంకా యాక్టివ్‌గానే కనిపిస్తున్నారు. మేనేజర్లు ఎవరికి సెలవు మంజూరు చేయాలో చూసే జాబితాలో వాళ్ల పేర్లూ వస్తున్నాయి.

కొత్తగా చేరినవాళ్లలో కొందరు పోర్టల్‌లోకి వస్తున్నారు, కొందరు రావట్లేదు. ఎవరు వస్తారో ఎవరు రారో ఎంత చూసినా అంతుచిక్కట్లేదు.

మా మేనేజర్ "యూజర్ టేబుల్ ఖాళీ చేసి మొత్తం మళ్లీ సింక్ చెయ్యి" అంటున్నారు. నాకు చెయ్యి ఆడట్లేదు. ఏం చేయమంటారు?

పోర్ట్389
టేబుల్ ఖాళీ చేయొద్దు. సెలవుల రికార్డులన్నీ ఆ యూజర్ ఐడీలకే కట్టి ఉంటాయి. కొత్త ఐడీలు వచ్చాయంటే అందరి లెక్కా పోతుంది. ముందు బ్యాకప్ తీసి పక్కన పెట్టండి.

లాగ్‌ఫైల్_లక్ష్మి
స్క్రిప్ట్ డైరెక్టరీ మనిషిని పోర్టల్ మనిషితో ఏ ఫీల్డ్ చూసి పోలుస్తోంది? ఈమెయిలేనా?

రాత్రిషిఫ్టు
అవును, ఈమెయిలే. దొరికితే అప్‌డేట్, దొరక్కపోతే ఇన్సర్ట్.

లాగ్‌ఫైల్_లక్ష్మి
మొదటి సమస్యకి మూలం అదే. ఈమెయిల్ మనిషికి ఇచ్చిన చిరునామా మాత్రమే, అది మారుతుంది. లాగిన్ పేరూ మారుతుంది. చాలామంది ఆ తర్వాత డీఎన్‌ని (డైరెక్టరీలో ఆ ఎంట్రీ ఎక్కడుందో చెప్పే పూర్తి దారి) నమ్ముకుంటారు. అదీ నిలవదు, మనిషిని ఒక ఓయూ (డైరెక్టరీలో ఫోల్డర్ లాంటిది) నుంచి ఇంకో ఓయూకి జరిపితే డీఎన్ మారిపోతుంది.

యాక్టివ్ డైరెక్టరీలో ప్రతి ఎంట్రీకీ ఆబ్జెక్ట్‌జీయూఐడీ అని ఒకటి ఉంటుంది. 16 బైట్ల విలువ. ఎంట్రీ పుట్టినప్పుడు వస్తుంది. పేరు మార్చినా, ఈమెయిల్ మార్చినా, ఓయూ మార్చినా అది మారదు. ఓపెన్‌ఎల్‌డాప్ అనే ఇంకో డైరెక్టరీ సర్వర్ వాడేవాళ్లకి ఇదే పని ఎంట్రీయూయూఐడీ చేస్తుంది. ఎస్ఐడీ (విండోస్ ప్రతి అకౌంట్‌కీ ఇచ్చే భద్రతా గుర్తింపు) అలా కాదు, మనిషిని వేరే డొమైన్‌కి తరలిస్తే కొత్తది వస్తుంది.

మీ యూజర్ టేబుల్‌లో జీయూఐడీకి ఒక కాలమ్ పెట్టండి, ఒకే విలువ రెండుసార్లు పడకుండా యూనిక్ ఇండెక్స్‌తో. పోలిక దానితోనే చేయండి. ఈమెయిల్, పేరు, లాగిన్ పేరు అన్నీ సింక్ అయినప్పుడు అప్‌డేట్ అయ్యే మామూలు ఫీల్డులుగా ఉంచండి.

పాతకేబుల్
లక్ష్మి గారితో సగమే ఒప్పుకుంటాను. మా దగ్గర జీయూఐడీ పెట్టుకుని దెబ్బతిన్నాం. ఒకాయన మానేశాడు, డైరెక్టరీ వాళ్లు ఎంట్రీ తీసేశారు. ఏడాదికి తిరిగి చేరాడు. కొత్త ఎంట్రీ, కొత్త జీయూఐడీ. మళ్లీ రెండు అకౌంట్లు. మీ హెచ్‌ఆర్ ఉద్యోగి నంబర్‌ని ఎంప్లాయీఐడీ అనే డైరెక్టరీ ఫీల్డ్‌లో నింపుతుంటే దాన్నే వాడండి. మనిషికి అంటిపెట్టుకుని ఉండేది అదొక్కటే.

లాగ్‌ఫైల్_లక్ష్మి
పాతకేబుల్ గారూ, ఆ నంబర్ ఎవరో చేత్తో టైప్ చేసేది. ఒక అంకె తప్పు పడితే ఇంకొకరి అకౌంట్ తెరుచుకుంటుంది. రెండు అకౌంట్లు పుడితే చిరాకు, అంతే. ఒకరి సెలవులూ జీతం వివరాలూ ఇంకొకరికి కనిపిస్తే అది ప్రమాదం.

నేనైతే రెండూ ఉంచుతాను. పోలిక జీయూఐడీతో. జీయూఐడీ కొత్తదై, ఉద్యోగి నంబర్ మాత్రం పాతవాళ్లలో ఒకరితో కలిస్తే స్క్రిప్ట్ సొంతంగా కలపకూడదు. "వీళ్లిద్దరూ ఒకరేనా చూడండి" అని అడ్మిన్‌కి మెయిల్ పంపి ఆగాలి.

పాతకేబుల్
ఆ చివరి మాటకి ఒప్పుకుంటాను. మనిషి చూసి కలపడం మంచి పద్ధతే.

కొత్తకీబోర్డు
మధ్యలో దూరుతున్నాను. నేను జీయూఐడీ దాచుకున్నాను కానీ పవర్‌షెల్‌లో (విండోస్ కమాండ్ టూల్) చూస్తే ఒకలా, నా డేటాబేస్‌లో ఇంకోలా ఉంది. మొదటి సగమే తేడా, చివర మాత్రం సరిపోతోంది. టెన్షన్ వచ్చేసింది.

పోర్ట్389
తేడా ఏమీ లేదు, బైట్ల వరుస వేరు. మొదటి 4 బైట్లు, తర్వాతి 2, ఆ తర్వాతి 2 తిరగేసి నిల్వ ఉంటాయి. చివరి 8 ఉన్నవి ఉన్నట్టే. పవర్‌షెల్ వాటిని సరిచేసి చూపిస్తుంది. మీరు పచ్చి బైట్లను నేరుగా హెక్స్‌గా మార్చి ఉంటారు. రెండింటిలో ఏదైనా వాడొచ్చు, కానీ అన్నిచోట్లా ఒకే రకంగా ఉండాలి.

కొత్తకీబోర్డు
అదే చేశాను. బతికించారు అన్నా.

మెర్జ్‌బాబు
రెండో సమస్య తేలిక. సింక్‌లో రానివాళ్లందర్నీ ఇనాక్టివ్ చేసెయ్యండి. రెండు లైన్ల కోడ్.

అర్ధరాత్రి_అడ్మిన్
మెర్జ్‌బాబూ, ఆ రెండు లైన్లే ఒకప్పుడు నన్ను తెల్లవారుజామున లేపాయి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను అప్పట్లో పనిచేసిన చోట సరిగ్గా మీరన్నట్టే ఉండేది. ఒక రాత్రి సింక్ వాడే సర్వీస్ అకౌంట్‌కి ఏ ఓయూ చదవడానికి అనుమతి ఉందో, ఆ అనుమతిని ఎవరో వేరే పని మీద తీసేశారు. బైండ్ (డైరెక్టరీలోకి లాగిన్ అవడం) బాగానే అయింది. సెర్చ్ కూడా ఎర్రర్ ఏమీ ఇవ్వలేదు, సున్నా ఫలితాలు వచ్చాయి. చదవడానికి హక్కు లేని ఎంట్రీలను డైరెక్టరీ "లేవు" అన్నట్టే దాచిపెడుతుంది. స్క్రిప్ట్ ఏమనుకుంది? అందరూ మానేశారనుకుంది. పొద్దున షిఫ్టుకి వచ్చినవాళ్లెవరూ లాగిన్ కాలేకపోయారు. ఇనాక్టివ్ చేయడం కాబట్టి వెనక్కి తిప్పగలిగాం. డిలీట్ అయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను. జాబితాలో రాలేదన్న ఒక్క కారణంతో ఎవర్నీ తీసేయకూడదు. ఆ మనిషి గురించి డైరెక్టరీ ఏమంటోందో విడిగా అడగాలి. జీయూఐడీతో నేరుగా ఆ ఎంట్రీని వెతకాలి. దొరికి, డిసేబుల్ అయి ఉంటే ఇనాక్టివ్ చేయాలి. దొరికి, ఎనేబుల్‌గానే ఉంటే అది మన సెర్చ్ పరిధి పొరపాటు. అసలు దొరక్కపోతే మనిషి చూడాలి.

దీనికి తోడు ఒక గీత కూడా గీయాలి. ఒక రాత్రిలో ఇంతకు మించి అకౌంట్లు ఆగిపోయేలా ఉంటే స్క్రిప్ట్ ఏమీ మార్చకుండా ఆగిపోయి మెయిల్ పంపాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంట్రా కనెక్ట్‌లో కూడా ఇలాంటి కాపలా మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది, ఒకేసారి 500 కంటే ఎక్కువ డిలీట్లు వస్తే ఎగుమతి ఆపేస్తుంది. మీలాంటి పరిమాణానికి 500 చాలా ఎక్కువ, 20 చాలు.

రాత్రిషిఫ్టు
అడ్మిన్ గారూ, మా దగ్గర మానేసినవాళ్లను డిలీట్ చేయరు. డిసేబుల్ చేసి "మాజీ ఉద్యోగులు" అనే వేరే ఓయూకి జరుపుతారు. స్క్రిప్ట్ "ఉద్యోగులు" ఓయూ మాత్రమే చూస్తుంది. అంటే వాళ్లు ఫలితాల్లోంచి మాయమవుతున్నారు, స్క్రిప్ట్ వాళ్లని పట్టించుకోవట్లేదు. ఇప్పుడర్థమైంది.

పోర్ట్389
అయితే మాజీ ఓయూని కూడా సెర్చ్‌లో కలపండి. అకౌంట్ స్థితిని ఒక అంకెగా చెప్పే యూజర్‌అకౌంట్‌కంట్రోల్ ఫీల్డ్ చదవండి. ఒక జాగ్రత్త. చాలామంది "విలువ 514 అయితే డిసేబుల్" అని రాస్తారు. మామూలు అకౌంట్ 512, దానికి డిసేబుల్ బిట్ 2 కలిస్తే 514, అంతవరకు నిజమే. కానీ పాస్‌వర్డ్ గడువు తీరని అకౌంట్‌కి ఇంకో 65536 కలుస్తుంది. దాన్ని డిసేబుల్ చేస్తే 66050 వస్తుంది, మీ 514 పోలికకి అది దొరకదు. అంకెను అంకెతో పోల్చకుండా 2 అనే బిట్ ఉందో లేదో చూడండి.

లాగ్‌ఫైల్_లక్ష్మి
మూడో సమస్య ఎవరూ ముట్టుకోలేదు. రాత్రిషిఫ్టు గారూ, మీ "ఉద్యోగులు" ఓయూలో మొత్తం ఎంతమంది? లాగ్‌లో రోజూ ఎంతమంది వచ్చినట్టు పడుతోంది?

రాత్రిషిఫ్టు
ఓయూలో 1,180 చిల్లర. లాగ్ చూస్తున్నాను... అన్ని రోజులూ 1000. సరిగ్గా 1000. నేనిన్నాళ్లూ ఈ అంకె ఎలా చూడలేదో!

లాగ్‌ఫైల్_లక్ష్మి
అదే. యాక్టివ్ డైరెక్టరీ ఒక సెర్చ్‌కి 1000 ఎంట్రీల దగ్గర ఆపేస్తుంది, మ్యాక్స్‌పేజ్‌సైజ్ అనే పరిమితి అది. ఓపెన్‌ఎల్‌డాప్‌లో మామూలుగా 500. ఆగినప్పుడు ఊరికే ఆగదు, "పరిమితి దాటింది" అని ఫలిత కోడ్ 4 ఇస్తుంది. మీ స్క్రిప్ట్ వచ్చిన 1000 మందిని తీసుకుని కోడ్‌ని పక్కన పడేస్తోంది.

డైరెక్టరీ వాళ్లని పరిమితి పెంచమని అడగొద్దు. పేజీలుగా అడగండి. ఆర్ఎఫ్‌సీ 2696 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో చెప్పిన పేజ్డ్ రిజల్ట్స్ కంట్రోల్ అది, ఇప్పుడు దాదాపు అన్ని లైబ్రరీల్లో ఉంది. 500 చొప్పున తెచ్చుకుంటూ, సర్వర్ ఇచ్చే కుకీ (తర్వాతి పేజీకి గుర్తు) ఖాళీ అయ్యేదాకా అడుగుతూ పోవాలి. మధ్యలో ఒక పేజీ విఫలమైతే ఆ రాత్రి సింక్ మొత్తం వదిలేయండి. సగం జాబితాతో ఏ నిర్ణయం తీసుకోవద్దు.

అర్ధరాత్రి_అడ్మిన్
ఒక్క క్షణం. ఈ 1000 సంగతి తెలియకుండా మెర్జ్‌బాబు చెప్పిన రెండు లైన్లు ఈ రాత్రికే పెట్టి ఉంటే, రేపు పొద్దున 180 మంది పనిచేస్తున్నవాళ్లు బయట నిలబడేవాళ్లు.

మెర్జ్‌బాబు
నిజమే. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా దగ్గర 300 మందే, అందుకే నాకు ఎప్పుడూ తగల్లేదు. మా దాంట్లో కూడా గీత పెడతాను.

గ్రూపుల_గోపి
ఓయూ కాకుండా గ్రూపు చూసి సింక్ చేసేవాళ్లకి ఇలాంటిదే ఇంకోటి ఉంది. గ్రూపులో 1500 మంది దాటితే మెంబర్ ఫీల్డ్ ఒకేసారి రాదు, 0 నుంచి 1499 వరకు అని రేంజ్ తగిలించి ముక్కలుగా వస్తుంది. మామూలు మెంబర్ పేరుతో చదివే కోడ్‌కి గ్రూపు ఖాళీగా కనిపిస్తుంది. పెద్ద గ్రూపు ఖాళీ గ్రూపులా అనిపిస్తే అక్కడ చూడండి. మనిషి ఏ గ్రూపుల్లో ఉన్నాడో చెప్పే మెంబర్‌ఆఫ్ ఫీల్డ్‌లో ప్రైమరీ గ్రూపు అసలు కనిపించదు, కాబట్టి "డొమైన్ యూజర్స్"ని ఫిల్టర్‌లో పెట్టి ఎవరూ రావట్లేదని తల పట్టుకోవద్దు.

పైథాన్_పద్మ
సింక్ అంటే కాపీ చేయడం అనుకుంటే ఇంకో చిక్కు ఉంది. ప్రతి ఫీల్డ్‌కీ యజమాని ఎవరో ముందే రాసుకోవాలి. మా దగ్గర ఫోన్ నంబర్‌ని మనుషులు పోర్టల్‌లో మార్చుకునేవాళ్లు, రాత్రి సింక్ వచ్చి పాత నంబర్ తిరిగి పెట్టేది. పాపం ఒకావిడ నాలుగు రోజులు వరసగా మార్చుకుంది. అయిదో రోజు మాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. తప్పు మాది. డైరెక్టరీకి చెందిన ఫీల్డ్‌ని పోర్టల్‌లో ఎడిట్ చేయనివ్వకూడదు. పోర్టల్‌కి చెందినదాన్ని సింక్ ముట్టుకోకూడదు.

మేము ఒక కాగితం మీద రాసుకున్నాం: పేరు, ఈమెయిల్, విభాగం, మేనేజర్ డైరెక్టరీవి. ఫోన్, ఫోటో, భాష ఎంపిక పోర్టల్‌వి. కీక్లోక్ లాంటి లాగిన్ సాఫ్ట్‌వేర్‌లలో ఇదే మాటని రీడ్ ఓన్లీ, రైటబుల్, అన్‌సింక్డ్ అనే మూడు ఎడిట్ మోడ్‌లుగా అడుగుతారు. సొంతంగా రాసుకున్న స్క్రిప్ట్ అడగదు, మనమే అడగాలి.

ఇంకోటి. ఎల్‌డాప్‌లో (డైరెక్టరీతో మాట్లాడే పద్ధతి) ఖాళీ విలువ అంటూ ఉండదు. విలువ తీసేస్తే ఆ ఫీల్డే రాదు. "వస్తే అప్‌డేట్ చెయ్యి" అని రాసిన కోడ్, తీసేసిన విలువని ఎప్పటికీ తీసేయదు. మేనేజర్ లేని మనిషికి పాత మేనేజర్ అలాగే ఉండిపోతాడు. డైరెక్టరీకి చెందిన ఫీల్డ్ రాకపోతే పోర్టల్‌లో ఖాళీ చేయాలి.

రాత్రిషిఫ్టు
పద్మ గారూ, మేనేజర్ సంగతి మాకు సరిగ్గా తగిలేదే. సెలవు అర్జీలు మానేసిన మేనేజర్ దగ్గరికి వెళ్లి ఆగిపోతున్నాయి. రాసుకున్నాను.

పాతకేబుల్
ఇంత శ్రమ దేనికి? మనిషి లాగిన్ అయినప్పుడే డైరెక్టరీ నుంచి వివరాలు తెచ్చుకుంటే సరిపోదా? రాత్రి సింకే అక్కర్లేదు.

పైథాన్_పద్మ
కొన్నిటికి సరిపోతుంది. సెలవుల పోర్టల్‌కి సరిపోదు. ఒక్కసారి కూడా లాగిన్ కాని మనిషి కూడా జాబితాలో ఉండాలి. మానేసినవాళ్లు ఎలాగూ లాగిన్ కారు, కాబట్టి వాళ్ల వివరాలు ఎప్పటికీ మారవు. రెండూ కలిపి వాడేవాళ్లు చాలామంది. కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ కూడా ఎల్‌డాప్ యూజర్లను రోజుకోసారి, సర్వర్ సమయం ప్రకారం రాత్రి 1:30కి చూసుకునే ఏర్పాటు పెట్టుకుంది.

కొత్తకీబోర్డు
అయితే రోజుకోసారి కాకుండా ప్రతి 10 నిమిషాలకీ మారినవాళ్లను మాత్రమే తెచ్చుకుంటే? యూఎస్ఎన్‌ఛేంజ్డ్ అని ఏదో ఉందని చదివాను.

అర్ధరాత్రి_అడ్మిన్
ఉంది, ఎంట్రీ మారినప్పుడల్లా పెరిగే అంకె అది. కానీ అది ప్రతి డొమైన్ కంట్రోలర్‌కీ (డైరెక్టరీని నడిపే సర్వర్) వేరు. ఈసారి ఒకదాన్ని, మరోసారి ఇంకోదాన్ని అడిగితే మధ్యలో కొన్ని మార్పులు జారిపోతాయి. ఒకే కంట్రోలర్‌కి కట్టుబడి ఉండాలి, అది మారితే మొత్తం మళ్లీ చదవాలి. 1,200 మందికి మొత్తం చదవడం సెకన్ల పని. అంత చిన్న పనికి ఇంత మెలిక వద్దు తమ్ముడూ. త్వరగా కావాలంటే మొత్తం సింక్‌నే గంటకోసారి నడుపు.

పోర్ట్389
సింక్ పక్కన పెట్టి ఒక ముఖ్యమైన మాట. లాగిన్‌లో పాస్‌వర్డ్ ఖాళీగా పంపితే ఏమవుతుందో పరీక్షించారా? డీఎన్ ఇచ్చి పాస్‌వర్డ్ ఖాళీగా పంపితే ఎల్‌డాప్ సర్వర్ దాన్ని పేరులేని బైండ్‌గా తీసుకుని "సరే" అనొచ్చు. "బైండ్ అయింది కాబట్టి పాస్‌వర్డ్ సరైనదే" అనుకునే యాప్ తలుపు తెరిచేస్తుంది. ఆర్ఎఫ్‌సీ 4513లో దీని గురించి హెచ్చరిక కూడా ఉంది.

రాత్రిషిఫ్టు
ఇప్పుడే చూశాను. ఫారమ్‌లో అడ్డుకుంటోంది. నేరుగా రిక్వెస్ట్ పంపితే లోపలికి వెళ్లిపోతోంది!! టెస్ట్ సర్వర్‌లో నా పేరుతోనే చేశాను. సరిచేస్తున్నాను, గంటలో వస్తా.

రాత్రిషిఫ్టు
సర్వర్ వైపు ఖాళీ పాస్‌వర్డ్‌ని బైండ్ దాకా వెళ్లనివ్వకుండా తిప్పి పంపుతున్నాను. లైవ్‌లో పెట్టేశాం. లాగ్‌లన్నీ వెతికాను, ఎవరూ అలా వాడుకున్నట్టు లేదు. పోర్ట్389 గారూ, మీకు చాలా రుణపడ్డాను.

గ్రూపుల_గోపి
పోర్ట్389 అన్నా, ఇంత భద్రత మాట్లాడుతూ ఆ పేరేంటి? 389 మామూలు ఎల్‌డాప్ పోర్టు, ఎన్‌క్రిప్ట్ అయ్యే 636కి మార్చుకోండి :)

పోర్ట్389
389 మీదే స్టార్ట్ టీఎల్ఎస్‌తో ఎన్‌క్రిప్షన్ కూడా చేయొచ్చు తమ్ముడూ, పేరు మార్చను :)

కొత్తకీబోర్డు
చిన్న సందేహం. కొందరి డిస్‌ప్లేనేమ్ తెలుగులో ఉంది. ఎల్‌డాప్‌సెర్చ్ కమాండ్‌లో రెండు కోలన్లు, తర్వాత అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. పాడైందా?

లాగ్‌ఫైల్_లక్ష్మి
పాడవలేదు. రెండు కోలన్లంటే బేస్64లో (బైట్లను మామూలు ఇంగ్లీషు అక్షరాలుగా రాసే పద్ధతి) ఉందని గుర్తు, విప్పితే తెలుగు కనిపిస్తుంది. మీ డేటాబేస్ కాలమ్ పొడవు బైట్లలో లెక్కిస్తుందేమో మాత్రం చూసుకోండి. యూటీఎఫ్-8లో గుణింతం గుర్తుతో సహా ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. పొడుగు పేరు మధ్యలో తెగిపోతుంది.

రాత్రిషిఫ్టు
ఇప్పుడు మేడమ్ రెండు అకౌంట్లు కలపాలి. జీయూఐడీ కాలమ్ పెట్టి, మొదటిసారి ఈమెయిల్‌తో పోల్చి నింపేస్తే సరిపోతుందా?

పైథాన్_పద్మ
ఆగండి! అలా చేస్తే జీయూఐడీ కొత్త వరుసకి అతుక్కుంటుంది. ఇప్పుడున్న ఈమెయిల్ దానిదే కదా. సెలవులున్న పాత వరుస అనాథ అవుతుంది. ముందు ఒకే ఉద్యోగి నంబర్‌తో రెండేసి వరుసలున్నవాళ్లను వెతకండి. ఒక్కొక్కరినీ హెచ్‌ఆర్‌తో నిర్ధారించుకోండి. కొత్త వరుసకి కట్టి ఉన్న అర్జీలేమైనా ఉంటే పాత వరుసకి మార్చి, కొత్తదాన్ని మూసేసి, పాతదాంట్లో ఈమెయిల్ సరిచేయండి. అంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో, జరిగితే అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. ఆ తర్వాతే జీయూఐడీలు నింపండి. అన్నిటికంటే ముందు స్క్రిప్ట్‌కి డ్రై రన్ పెట్టండి, ఏం మార్చబోతోందో రాయాలి తప్ప ఏదీ మార్చకూడదు.

రాత్రిషిఫ్టు
మూడు రోజుల తర్వాత వస్తున్నాను. ఏం జరిగిందో చెప్తా.

రెండేసి వరుసలు మేడమ్ ఒక్కరికే కాదు, 7 మందికి ఉన్నాయి. ఆరుగురు ఇంకా గమనించనే లేదు. హెచ్‌ఆర్‌తో కూర్చుని ఏడుగురివీ కలిపాం.

పేజీలుగా అడిగితే 1,183 మంది వచ్చారు. 1,076 మంది పోర్టల్‌లో ఉన్నవాళ్లతో కలిశారు. మిగతా 107 మంది ఇన్నాళ్లూ పోర్టల్ కళ్లబడనివాళ్లు. వాళ్లలో చాలామంది సెలవు అర్జీలు కాగితం మీద ఇస్తున్నారట, "పోర్టల్ మా కోసం కాదేమో అనుకున్నాం" అన్నారు. వినగానే బాధేసింది.

పోర్టల్‌లో యాక్టివ్‌గా ఉండి ఉద్యోగుల ఓయూలో లేనివాళ్లు 64 మంది. అడ్మిన్ గారు చెప్పినట్టు ఒక్కొక్కరినీ విడిగా వెతికాను. 61 మంది మాజీ ఓయూలో డిసేబుల్ అయి ఉన్నారు. ముగ్గురు మాత్రం ఎనేబుల్! కాంట్రాక్ట్ వాళ్ల ఓయూలో ఉన్నారు, ఈ రోజు కూడా పనిలో ఉన్నారు. విడిగా వెతక్కపోయి ఉంటే వాళ్ల అకౌంట్లు ఆగిపోయేవి.

నిన్న రాత్రి మొదటిసారి డ్రై రన్ తీసేసి నిజంగా నడిపాం. గీత 20 దగ్గర పెట్టాం, ఆ 61 మందికి మాత్రం ఒక్కసారి చేత్తో అనుమతి ఇచ్చాను. మా మేనేజర్ కూడా పక్కనే కూర్చున్నారు.

మేడమ్ పొద్దున్నే సెలవు పెట్టుకున్నారు. పాత లెక్కంతా సరిగ్గా ఉందని ఫోన్ చేసి చెప్పారు.

లాగ్‌ఫైల్_లక్ష్మి
ఆ 107 మందిని కనిపెట్టారు చూడండి, నాకు అదే ఎక్కువ సంతోషం.

అర్ధరాత్రి_అడ్మిన్
ఆ ముగ్గురి కోసం సెర్చ్ బేస్ పైకి, డొమైన్ మొదటికి జరిపారా? అలా అయితే రిఫరల్స్ వెంట పడొద్దని లైబ్రరీకి చెప్పండి. లేకపోతే ఫలితాల చివర డైరెక్టరీ వేరే విభాగాల చిరునామాలు ఇస్తుంది, స్క్రిప్ట్ వాటి వెంట వెళ్లి అక్కడ ఇరుక్కుంటుంది.

రాత్రిషిఫ్టు
జరిపాను. నిన్నటి సింక్‌కి 40 సెకన్లకు పైగా ఎందుకు పట్టిందా అనుకుంటున్నాను, ఇదన్నమాట. ఇప్పుడే రిఫరల్స్ ఆపి నడిపాను. 3 సెకన్లలో అయిపోయింది, ఎనేబుల్‌గా ఉన్నవాళ్ల లెక్క 1,186. ఆ ముగ్గురూ వచ్చేశారు.